ఇంటి బడిలో మిగిలిపోయిన పాఠం



ఇంగ్లాండులోని ఎప్‌వర్త్ పాదిరిగారి భార్య సూసన్నా వెస్లీ గారు తన బిడ్డలకు ఇంట్లోనే రోజుకు ఆరు గంటలు చదువు చెప్పేవారు. ఆడపిల్లకు చక్కగా చదవడం వచ్చేవరకు పని నేర్పకూడదని ఆమె నియమం. 1697లో పుట్టిన కుమార్తె హెట్టీ ఎనిమిదేళ్లకే గ్రీకు నేర్చింది. వారానికొక సాయంత్రం తల్లి ఆమెతో ప్రత్యేకంగా ఆత్మీయ సంగతులు మాట్లాడేది.

యౌవనంలో హెట్టీ త్రోవ తప్పింది. తిరిగి వచ్చి బ్రతిమాలుకున్నా తండ్రి క్షమించలేదు. 1725లో ఇష్టంలేని పెండ్లి జరిగింది. మరుసటి ఏడు తమ్ముడు జాన్ ఆమె పక్షాన, తప్పిపోయినవారిని ప్రేమించాలని ప్రసంగిస్తే తండ్రి నొచ్చుకున్నాడు.

బిడ్డలచేత వాక్యం కంఠస్థం చేయిస్తున్నాం, మంచిదే. తప్పిపోయిన కుమారుని కథ వారికి చెబుతాం. మరి తప్పిపోయి తిరిగి వచ్చిన కుమార్తెకు మన తలుపు తెరుస్తామా? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి.