విశ్వాసం ఉంటే కీమో ఎందుకు అనేవాళ్ళకి

ఇంటి విషయాలు రాయడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు. కానీ గత నెలలో జరిగినదాని తర్వాత ఈ ఒక్కటి మాత్రం గట్టిగానే చెప్పాలనిపిస్తోంది.

మాది ఆళ్ళగడ్డ. అమ్మ టీచరుగా పనిచేసి రిటైరైంది. తాతల కాలం నుంచీ మేం క్రైస్తవులం. అమ్మ పుట్టిల్లు నంద్యాల కాబట్టి క్రిస్మస్ వస్తే అక్కడి హోలీ క్రాస్ చర్చికి వెళ్ళడం అలవాటు. ఈ ఏడాది మొదట్లో అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది, రెండో స్టేజి. ఆపరేషన్ అయింది. నేనుండేది హైదరాబాదే కాబట్టి మూడు వారాలకోసారి ఇక్కడే కీమో. ఎర్ర మందు అంటారు చూడండి, అది. వాంతులు, నోట్లో పుళ్ళు, పదో రోజు వచ్చేసరికి తెల్ల కణాలు పడిపోవడం. రెండు సైకిళ్ళకే జుట్టంతా పోయింది.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో మూడు రోజుల స్వస్థత కూటాలు జరిగాయి. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన (పేరు అనవసరం) ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "దేవుడు ఎప్పుడో బాగుచేశాడమ్మా, ఇంకా మందు ఎక్కించుకుంటున్నావంటే నమ్మలేదన్నమాటే కదా" అని చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, "మూడోది వద్దులే నాయనా. నాకే విశ్వాసం తక్కువేమో" అంది.

నాకు కోపం వచ్చింది ఆ రెండో మాటకి. రోగం తగ్గితే ఆయన ప్రార్థన గొప్పది, తగ్గకపోతే అమ్మ విశ్వాసం చాల్లేదు. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా పాస్ అయ్యే టెస్ట్ కేసు ఇది. ఆఫీసులో ఎవరైనా ఇలాంటిది రాస్తే రివ్యూలో ఒప్పుకుంటామా? ఇక్కడ ఫెయిల్ అయినప్పుడు బగ్ మాత్రం పేషెంటు పేరు మీద పడుతుంది. వాంతులతో లేవలేని మనిషి మీద ఆ బరువు కూడా.

శనివారం ఊరికెళ్ళి అమ్మ బైబిలే తెరిచి కూర్చున్నాం. హిజ్కియా రాజు చావు దగ్గరకొచ్చి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ళ ఆయుష్షు ఇచ్చాడు. అయినా యెషయా ఆ పుండు మీద అంజూరపు ముద్ద కట్టించాడు. మాటిచ్చాక మందెందుకని ఎవరూ అడగలేదు. పౌలు తన తోటివాడు త్రోఫిముని జబ్బుతో ఉండగానే మిలేతులో వదిలి వెళ్ళాడు, తిమోతికి కడుపునొప్పికి ఏం తాగాలో రాశాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. వీళ్ళందరికీ విశ్వాసం తక్కువా? అమ్మ సండే స్కూల్లో ముప్పై ఏళ్ళు ఇవే కథలు చెప్పింది. నేను చదువుతుంటే "తెలుసులేరా" అని నవ్వింది, చాలా రోజుల తర్వాత.

అసలు మన వైపు ఈ మతం వచ్చిందే ఆసుపత్రుల్ని వెంటబెట్టుకుని. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి మిషన్ వాళ్ళది. సీమవాళ్ళు పెద్ద జబ్బొస్తే పరిగెత్తే వేలూరు సీఎంసీని 1900లో మొదలుపెట్టిన ఐడా స్కడర్ మిషనరీల బిడ్డ. మగ డాక్టరు వద్దన్నారని ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు చనిపోవడం చూసి, ఆమె వెళ్ళి డాక్టరు చదివి వచ్చింది. ఇంట్లో కూర్చుని ప్రార్థనతో సరిపెట్టుకోలేదు.

గడ్డ తీసేశాక కీమో ఎందుకని చాలామందికి అనుమానం. స్కాన్‌లో కనబడని కణాలు ఎక్కడైనా మిగిలుంటే మళ్ళీ రాకుండా చేయడానికే అది. కనబడనిదాన్ని నమ్మి ఇంత బాధ పడటం కూడా విశ్వాసమే అని అమ్మతో అంటే, "నువ్వు పాస్టరువి కావాల్సింది" అంది :)

మరి అన్నీ చేసినా తగ్గకపోతే? ఈ ప్రశ్న నాకు రాత్రిళ్ళు వస్తూనే ఉంటుంది. రచయిత సి.ఎస్. లూయిస్ తొమ్మిదేళ్ళ వాడిగా తల్లి క్యాన్సర్ నయం కావాలని ప్రార్థించాడు. 1908లో ఆమె పోయింది. అప్పుడు తను దేవుణ్ణి ఒక మాంత్రికుడిలా చూశానని 1955లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడు అలా అనుకోవచ్చు, మైకు పట్టుకున్న పెద్దమనిషి అనుకోకూడదు. అమ్మకి ఏమైనా నేను ప్రార్థన మానను, కానీ అది తన తప్పు అనే ఆలోచనతో అమ్మని పంపించడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ప్రార్థన వల్ల ఏం లాభం అని అడిగే మా టీమ్‌లో నాస్తిక మిత్రుడికీ ఒక మాట. నంద్యాల చర్చి ఆడవాళ్ళు వంతులేసుకుని 40 కిలోమీటర్లు బస్సెక్కి ఆళ్ళగడ్డకి జావ, చారు తెచ్చారు. తెల్ల కణాలు తగ్గిన వారం ఇన్ఫెక్షన్ వస్తుందని చెబితే ఇంటికి రాకుండా ఫోన్‌లోనే ప్రార్థన చేశారు. యూత్ కుర్రాళ్ళు రక్తం ఇచ్చారు. ఏ యాప్‌లోనూ దొరకదు బాస్ ఇది.

మూడో సైకిల్ అనుకున్న తేదీకే అయింది. ఇంకో ఎర్ర మందు ఉంది, తర్వాత వేరే మందు మొదలుపెడతారట.

పాస్టర్లకి నేనడిగేది ఒకటే. కూటాల్లో సాక్ష్యం చెప్పించేటప్పుడు ఆ మనిషి ఏ ఆపరేషన్ చేయించుకున్నాడో, ఏ మందులు వాడాడో కూడా చెప్పించండి. మందులు మానేసి పోయినవాళ్ళు స్టేజీ ఎక్కి చెప్పలేరు కదా. అమ్మని కూడా సాక్ష్యం చెప్పమని అడిగారు. ఎర్ర మందు సంగతి కూడా చెప్తానంటేనే వస్తానంది. కబురు చేస్తామన్నారు, ఇంకా చేయలేదు.