వేడి ఎక్కడికి పోవాలి?

హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో, మే నెల మధ్యాహ్నం, రెండు ఫ్లాట్ల మధ్య వదిలిన డక్ట్‌లోకి ఒకసారి తొంగి చూడండి. ఐదంతస్తుల ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు ఒకదాని నెత్తిన ఒకటి బిగించి ఉంటాయి. సెగ మొహాన కొడుతుంది. గది చల్లబడటం లేదనగానే గ్యాస్ అయిపోయిందంటాడు మెకానిక్, మనమూ డబ్బిచ్చి నింపించుకుంటాం. కానీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, లీకైతే తప్ప తగ్గదు. అందుకే నా అనుమానమంతా ఆ డక్ట్ మీదే. గదిలోంచి లాగిన వేడితో పాటు తను మింగిన కరెంటు తాలూకు వేడిని కూడా ఏసీ బయటికి వదలాలి. కింది ఇల్లు వదిలిన వేడిగాలినే పై ఇంటి యూనిట్ పీల్చుకుంటుంటే, అది ఎంత కొత్తదైతే మాత్రం ఏం చేయగలదు? చివరి అంతస్తువాళ్లకు కాగిన స్లాబు అదనం. ఆ స్లాబు సంగతి ప్రభుత్వం పట్టించుకుంది. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్‌రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పు తప్పనిసరి చేసింది. మంచి పని. డక్ట్ గురించి మాత్రం మాట్లాడేవారే కనబడరు. ఫ్లాటు కొనేముందు ఈశాన్యం చూస్తాం, వంటగది మూల చూస్తాం, ఏసీ యూనిట్ ఎక్కడ పెడతారో బిల్డర్‌ని అడగం. ప్లాను కాగితం మీద ఉండగానే, గాలి ఆడే బయటి గోడకు ప్రతి పడగ్గదికీ ఓ లెడ్జ్ గీయించమని పట్టుబట్టాలి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు, రాగి పైపు ఇంకొన్ని అడుగులు పొడవైనా సరే, యూనిట్‌ను బాల్కనీలోకి మార్పించుకోవాలి.