ఆనేకల్ అడవికి బదులు అడవి ఎక్కడ?

2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను నిల్వ చేస్తామని మన దేశం 2015లో ప్రపంచానికి మాట ఇచ్చింది. మంచి మాటే. బెంగళూరు పక్కనున్న ఆనేకల్‌లో ఆ మాట ఏమైందో చూద్దాం.

ఆనేకల్ తాలూకాను ఆనుకొని బన్నేరుఘట్ట జాతీయ పార్కు ఉంది. ఏనుగులు తిరిగే అడవి. దాని చుట్టూ రక్షణగా 268.96 చదరపు కిలోమీటర్ల పర్యావరణ సున్నిత ప్రాంతం ఉండాలని 2016లో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. 2020లో తుది ప్రకటన వచ్చేసరికి మిగిలింది 168.84. అంటే నూరు చదరపు కిలోమీటర్లు ఎగిరిపోయాయి! రైతుకు ఇబ్బంది అంటారు. ఆ ప్రాంతంలో సేద్యానికి నిషేధం లేదు. గనులకు, క్వారీలకు, క్రషర్లకు, కాలుష్య పరిశ్రమలకు ఉంది. మరి ఇబ్బంది ఎవరికి?

ఇక లెక్కల సంగతి. హెక్టారు, ఆపైన ఉన్న స్థలంలో పది శాతం చెట్ల నీడ ఉంటే భారత అటవీ సర్వే సంస్థకు అది అడవి విస్తీర్ణమే. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. నీలగిరి తోట కూడా అందులోకే వస్తుంది. భూగర్భ జలాలను పీల్చేస్తోందని కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నాటవద్దన్నదీ ఆ నీలగిరినే! దాన్ని కొట్టి అమ్మితే అందులోని కార్బన్‌లో చాలా భాగం తిరిగి గాలిలోకే పోతుంది. సహజమైన అడవి అలా కాదు. వేళ్లలో, రాలిన ఆకుల్లో, మట్టిలో తరతరాలుగా దాచుకుంటుంది. యంత్రం పెట్టి ఆ మట్టిని పెళ్లగించాక, మొక్క నాటి ఫోటో దిగితే తిరిగి వస్తుందా?

అడవి పోతే డబ్బు కట్టి వేరేచోట నాటండి అంటుంది మన విధానం. ఆ సొమ్ము కోసం 2016లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఆహాబు నాబోతుతో ఆడిన బేరం ఇదే కదా: ఇంకా మంచి తోట ఇస్తాను, కాదంటే వెల ఇస్తాను. పిత్రార్జితాన్ని నాబోతు ఇవ్వనన్నాడు.

పైగా ఆ బదులు తోటకు భూమి ఎవరిది? 2019లో ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటబోయిన అటవీ సిబ్బందికీ పోడు రైతులకూ ఘర్షణ జరిగింది. అధికారిణిపై చేయి చేసుకోవడం తప్పే. కానీ సాగులో ఉన్న పేదల భూమిని ఖాళీ స్థలంగా చూడడం ఏ న్యాయం?

తోటలను, సహజ అడవులను విడివిడిగా లెక్కించాలని, బన్నేరుఘట్టకు 2016 నాటి హద్దులు తిరిగి ఇవ్వాలని మేము అడుగుతున్నాం. ఆనేకల్, బొమ్మసంద్ర సంఘాల్లోని తెలుగు యువతకు ఒక మనవి. ఈ వానాకాలం మీరు మొక్కలు నాటే కార్యక్రమం పెట్టి ఎమ్మెల్యే గారిని పిలిస్తే, చేతికి పార ఇచ్చే ముందు ఆ నూరు చదరపు కిలోమీటర్ల సంగతి అడగండి.