పట్టాల క్రింద పోయిన సమావేశ స్థలాలు

లండన్ నగర గర్భంలో తూర్పు పడమరలను కలుపుతూ త్రవ్విన ఎలిజబెత్ లైన్ 2022 మే 24న ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. వేలాదిమంది కార్మికుల శ్రమఫలమైన ఆ మార్గాన్ని మేము తక్కువ చేసి మాట్లాడబోము. అయితే దానికి చెల్లించిన మూల్యంలో కొంత ఏ పద్దులోనూ కనిపించదు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్ విస్తరణ నిమిత్తం ఆస్టోరియా అనే సంగీతశాలను 2009 జనవరిలో మూసివేసి, ఆపైన నేలమట్టం చేశారు. స్వలింగ ప్రేమికులైన యువతీయువకులు ఏళ్ల తరబడి వారాంతాలలో జంకు లేకుండా కలుసుకున్న హాలు అది. వారి కార్యక్రమం అంతకు ముందే చారింగ్ క్రాస్ స్టేషన్ కమానుల క్రిందనున్న హెవెన్ క్లబ్బుకు తరలి బ్రతికింది. అదీ రైల్వే కట్టడమే కావడం విశేషం. అందరికీ అటువంటి కమానులు దొరకలేదు.

ఆ నగరంలో స్వలింగ ప్రేమికులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నెలవైన పబ్బులు, క్లబ్బులు 2006లో 125 ఉండగా, 2017 నాటికి 53 మాత్రమే మిగిలాయని యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు లెక్క తేల్చారు. వచ్చేవారు లేకనే అన్నీ మూతబడ్డాయనుకుంటే పొరపాటు. స్థలం విలువ పెరిగింది, అద్దె పెరిగింది, పబ్బు కంటే దాని చోట కట్టే ఫ్లాట్లే లాభసాటి అయ్యాయి. భూసేకరణ చట్టం యజమానిని గుర్తిస్తుంది, లీజుదారును గుర్తిస్తుంది. ఇరవై ఏళ్లుగా ప్రతి శనివారం అక్కడ కూర్చున్న మనిషి చేతిలో ఏ పత్రమూ లేదు కనుక ఏ పరిహారమూ లేదు.

కరువుభత్యం సంగతి వదిలి లండన్ పబ్బుల గొడవ మనకెందుకని సోదర ఉద్యోగులు కొందరు అడగవచ్చు. 1984 మార్చిలో బ్రిటిష్ గని కార్మికులు సమ్మెకు దిగి ఏడాదిపాటు పోరాడారు. వారి కుటుంబాలను ఆదుకునేందుకు చందా డబ్బాలు పట్టుకుని నిలబడినవారిలో 'లెస్బియన్స్ అండ్ గేస్ సపోర్ట్ ద మైనర్స్' అనే బృందం ఒకటి. అది గేస్ ద వర్డ్ అనే పుస్తకాల దుకాణంలో సమావేశమయ్యేది. చోటు చాలక ఇస్లింగ్టన్‌లోని ఫాలెన్ ఏంజెల్ పబ్బుకు మారింది. చందాలు వసూలయిందీ ఇటువంటి గుమ్మాల వద్దనే. సమ్మె ఓటమితో ముగిసింది. కాని 1985 జూన్‌లో సౌత్ వేల్స్ గని కార్మికులు తమ పతాకాలతో లండన్ ప్రైడ్ ఊరేగింపులో నడిచారు. అదే ఏడు లేబర్ పార్టీ మహాసభలో వారి సంఘం ఓట్లు సమాన హక్కుల తీర్మానానికి అండగా నిలిచాయి. ఆ గుమ్మాలే లేకపోతే ఆ డబ్బా ఎక్కడ పెట్టేవారు? ఆర్.ఎం.ఎస్. విశ్రాంతి గదులలో, రన్నింగ్ రూములలో సాగిన మాటల నుండి ఎన్ని శాఖలు ప్రాణం పోసుకున్నాయో ఎరిగిన మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

మార్గం లేకపోలేదు. 2015 జనవరిలో మూతబడిన జాయినర్స్ ఆర్మ్స్ పబ్బు స్థలంలో కొత్త కట్టడాలకు అనుమతినిస్తూ టవర్ హామ్లెట్స్ పురపాలక మండలి, ఆ ప్రజలకు అందులోనే మళ్లీ చోటు కల్పించాలని 2017లో షరతు విధించింది. షరతు కాగితం మీద ఉండడం వేరు, తలుపు తెరుచుకోవడం వేరు. అయినా పట్టువిడవని ఉద్యమం లేనిదే ఆ కాగితమైనా వచ్చేది కాదు.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుండి తొలగించింది. కలిసి కూర్చునేందుకు చోటును మాత్రం ఏ తీర్పూ ఇవ్వలేదు. స్టేషన్ల పునర్నిర్మాణం మన కళ్లముందే సాగుతున్నది. క్వార్టరు కూలిస్తే బదులు క్వార్టరు అడిగే సంఘాలు, నిర్వాసితుల జాబితా తయారయ్యే వేళ, పత్రాలున్నవారి పేర్ల క్రింద అక్కడ కలుసుకునేవారికి కూడా ఒక వరుస ఉంచమని అడగాలని మేము కోరుతున్నాము.