కేసు తేలకపోతే కులం మీదికి, మతం మీదికి తోసేస్తారా?

పోస్టు కొంచెం పెద్దదే, చివరి దాకా చదవండి.

మన గ్రూపులో గోకుల్ చాట్ ఫోటో పెట్టి "ఎవరు చేసుంటారో వేరే చెప్పాలా" అని రాశారు. కింద వరసగా లైకులు. వేరే చెప్పాల్సిందే అంటున్నా నేను.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. హైదరాబాద్ కోఠిలో చాట్ తినడానికొచ్చిన జనం, లుంబినీ పార్కులో లేజర్ షో చూసే జనం. రెండు బాంబులకు 42 మంది పోయారు. మనలాగా కాలేజీ పిల్లలు కూడా పోయారు. చేసినోళ్ళకు శిక్ష పడాల్సిందే, దాంట్లో రెండో మాట లేదు. 2018లో కోర్టు ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం వేసింది. అదే కేసులో ఇద్దర్ని నిర్దోషులని వదిలేసింది. రియాజ్ భత్కల్ లాంటి ముఖ్య నిందితులు అసలు కోర్టు ముందుకే రాలేదు.

అంతకు మూడు నెలల ముందు, మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. 9 మంది చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది. ముందు ఎవర్ని పట్టుకుపోయారు? ముస్లిం పిల్లల్ని. వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు గానీ పోయిన చదువులు తిరిగి రాలేదు. తర్వాత వేరేవాళ్ళ మీద కేసు నడిపారు. 2018 ఏప్రిల్ 16న వాళ్ళనీ వదిలేశారు. మరి బాంబు పెట్టిందెవరు? ఈరోజుకీ జవాబు లేదు.

జవాబు లేని చోట ఏదో ఒక కులం పేరో, మతం పేరో రాసేయడం సులువు. ఇది మనకంటే బాగా ఎవరికి తెలుసు? తెల్లోళ్ళు తెచ్చిన చట్టంతోనే కదా మన ఎరుకలోళ్ళకు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. 1952లో చట్టం పోయింది, అనుమానం పోలేదు. నిరుడు మా హాస్టల్లో ఫోన్ పోతే ముందు తెరిపించింది మా పెట్టెలే. ఫోన్ ఇంకోచోట దొరికింది. ఒక్కరూ సారీ చెప్పలేదు.

మనది ఆళ్ళగడ్డ అంటే చాలు, "బాంబులు చుట్టడం వచ్చా" అని నవ్వుతారు. అప్పుడు మండుతుంది కదా? మరి అదే పని మనం చేస్తే?

"దొరికినోళ్ళు ఆ మతమోళ్ళే కదా" అంటారు. శిక్ష పడింది ముగ్గురికి. ఆ ముగ్గురి నేరం ఆ ముగ్గురిదే.

కోపముంటే పోలీసుల్ని అడగండి, మిగతా నిందితులు ఏరీ అని. సర్కారును అడగండి, మక్కా మసీదు కేసు ఎందుకు తేలలేదని. ఆ ఫోటో పెట్టినోళ్ళు ఆ మాట తీసేయండి. మన తాతల మీద వేసిన ముద్రను మనం ఇంకొకరి మీద వేయొద్దు.

– ఒక హాస్టల్ విద్యార్థి, నంద్యాల