మూసాపేట ఓటరు సోమరి కాదు

2024 మే 13 పోలింగుకు ముందు హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి, మూసాపేట మీదుగా ఆంధ్రకు వెళ్లే బస్సులు కిక్కిరిసిపోయాయి. విజయవాడ రహదారిపై పంతంగి టోల్‌గేటు దగ్గర వాహనాలు బారులు తీరాయి. ఓటు కోసం జనం వందల కిలోమీటర్లు ప్రయాణించారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు 80 శాతం దాటింది. అదే రోజు, ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అతిపెద్దదైన మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఓటేసింది దాదాపు సగం మందే. మూసాపేట ఉన్నది ఆ స్థానంలోనే. నగర ఓటరు బద్ధకస్తుడనీ, మనిషి నైజమే స్వార్థమనీ, ప్రజాస్వామ్యం ఇంతకుమించి ఎదగదనీ ప్రతి ఎన్నిక తర్వాతా వినిపించే తీర్పును ఈ ఒక్క రోజే తోసిపుచ్చుతోంది. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికల్లో గ్రామీణ నియోజకవర్గమైన మునుగోడులో 90 శాతానికి పైగా ఓటేస్తే హైదరాబాద్ జిల్లాలో సగం కూడా దాటలేదు. రెండు గంటల ప్రయాణంలో మనిషి నైజం మారిపోదు. మారేది, ఓటుకూ బతుక్కూ ఉన్న సంబంధం.

ఊళ్లో పింఛను ఆగినా, వీధి దీపం వెలగకపోయినా ఎవరిని నిలదీయాలో అందరికీ తెలుసు. కులం, బంధుత్వం కూడా అక్కడ ఓటరును పోలింగ్ బూత్‌కు లాగుతాయి, నిజమే. మూసాపేటలో హాస్టల్ గదిలోనో అద్దె ఇంట్లోనో ఉండే ఉద్యోగికి మురుగు పొంగితే దిక్కెవరు? నిలదీయడానికి ఎన్నికైన పాలకమండలే ఇక్కడ ఏళ్ల తరబడి లేదు. 1986 తర్వాత హైదరాబాద్ నగరపాలక సంస్థకు మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడితే, తొలి ఎన్నికకు 2009 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పాలకమండలి గడువు 2014లో తీరితే తర్వాతి ఎన్నిక 2016లో. ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారుల చేతికి నగరాన్ని అప్పగించి, ఆనక 2020 డిసెంబరు నగరపాలక ఎన్నికల్లో 46 శాతమే ఓటేశారని పౌరుణ్ని తప్పుపట్టడం అన్యాయం. రాజ్యాంగ నైతికత సహజంగా పుట్టదని, దాన్ని పెంపొందించాలని అంబేడ్కర్ 1948లోనే రాజ్యాంగ సభను హెచ్చరించారు. ఆ పని మనం చేయలేదు.

ఆ బస్సులను నడిపింది పార్టీల డబ్బేనని కొందరంటారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ డబ్బు నగరంలోనూ పంచుతారు. ఇక్కడ పోలింగు ఎందుకు పెరగలేదు? రెండుచోట్లా ఓట్లున్నవారి వల్ల ఇక్కడి శాతం తగ్గి కనిపిస్తోందన్న వాదనలో బలముంది. జాబితాల ప్రక్షాళన జరగాల్సిందే. అయితే, ఇక్కడే ఏళ్లుగా ఉంటున్నవారు ఓటును ఊళ్లోనే ఎందుకు ఉంచుకుంటున్నారన్న ప్రశ్నకు ప్రక్షాళన జవాబు కాదు. ఓటును నిర్బంధం చేయాలనేవారు గుజరాత్ వైపు చూడాలి. అక్కడి చట్టాన్ని 2015లో హైకోర్టే నిలిపివేసింది. భయపెట్టి పోలింగ్ బూత్‌కు రప్పించవచ్చు గానీ నగరం తనదన్న భావనను కలిగించలేం.

ఆ భావన కలిగించే దారి రాజ్యాంగంలోనే ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచీ చెబుతోంది. వాటిని పార్టీ కార్యకర్తలతో నింపేస్తారన్న భయం సహేతుకమే. అందుకే అద్దెకుండేవారికీ వాటిలో చోటుండాలి, సమావేశాలు బహిరంగంగా జరగాలి, వార్డు పనుల బిల్లులు అక్కడ చదివి వినిపించాలి. పాలకమండలి గడువు తీరేలోగా ఎన్నికలు జరిపి తీరాలి. ఇందులో ప్రభుత్వానికి మినహాయింపు లేదు. మూసాపేటలో అద్దెకుంటున్న పాఠకులకు మా విన్నపం ఒక్కటే: ఫారం 8 నింపి ఓటును మీరుంటున్న వీధికి మార్చుకోండి, వార్డు కమిటీ ఏదని అడగండి.