రేపటి మాటకు ఎన్ని రూపాలు?

 

ఒక జుమా నాటి సాయంత్రం, అసర్ నమాజు ముగిసిన పిమ్మట, హిఫ్జ్ తరగతి విద్యార్థి ఒకడు తన తల్లి ఫోను పట్టుకుని నా వద్దకు వచ్చాడు. ఉంగుటూరుకు దాపునగల పల్లె వారిది. తండ్రి కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. కుమారుని ఆంగ్లం మెరుగుపడాలనే తలంపుతో ఆయన సందేశాలన్నీ ఆంగ్లంలోనే పంపుతారు. రెండు నెలల క్రితం వచ్చిన సందేశంలో ‘ఐ యామ్ కమింగ్ ఇన్ రమజాన్’ అని ఉంది. ఆ రోజు వచ్చిన దానిలో ‘ఐ విల్ కమ్, ఇన్‌షా అల్లాహ్’ అని ఉంది.

“హజ్రత్! రెండింటికీ తెలుగులో ‘వస్తాను’ అనే కదా అర్థం? మరి అమ్మీ రెండోది విని ఎందుకు ఏడుస్తోంది? ఇన్‌షా అల్లాహ్ అన్నారంటే ఇక రానట్లేనట.”

నేను అరబీ వ్యాకరణం బోధించేవాణ్ణి. మా పిల్లలు సార్వత్రిక పాఠశాల పదో తరగతి పరీక్షకు కూర్చుంటారు గనుక, వారితోపాటు నేనూ ఆంగ్ల వ్యాకరణం తిరగేయవలసి వస్తోంది. పిల్లవాడు అడిగిన ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి వ్యాకరణానిది. రెండవది మన ఇండ్లలోని అలవాటుకు సంబంధించినది.

ఆంగ్లంలో క్రియ తన రూపం మార్చుకుని భవిష్యత్తును తెలిపే పద్ధతి లేదు. భూతకాలానికి ‘కేమ్’ అనే రూపం ఉంది గాని, రేపటికి అటువంటి రూపం లేదు. అందువల్ల ఆ భాష ఇతర మాటలను అరువు తెచ్చుకుంది. ‘విల్’ అనగా పూర్వం కోరుకోవడం. ‘షల్’ అనగా బాకీ పడి ఉండడం. ఆస్తి ఎవరికి చెందాలో కోరిక తెలిపే పత్రాన్ని మనం ‘వీలునామా’ అంటున్నామే, అందులోని ‘వీలు’ ఈ ‘విల్’ యే, ‘నామా’ ఫారసీ. కోరిక నుండి పుట్టిన మాట గనుకనే, తలుపు తట్టిన చప్పుడు విని అప్పటికప్పుడు “నేను తీస్తాను” అనేవాడు ‘ఐ విల్’ అంటాడు. ముందుగా ఏర్పాటేమీ లేదు, ఆ క్షణాన పుట్టిన సంకల్పం.

టికెట్టు కొని, సెలవు మంజూరు చేయించుకుని, సామాను సర్దుకుంటున్నవాడు మాత్రం ‘ఐ యామ్ కమింగ్’ అంటాడు. రాక రేపటిదే అయినా ఏర్పాటు నేటిది. అందుకే వర్తమాన రూపం. ఇక రైలు వేళల పట్టికకు సాధారణ వర్తమానమే చాలు. తాడేపల్లిగూడెం స్టేషనులో రైలు 6 గంటలకు బయలుదేరుతుందనడానికి ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్’ అంటే సరిపోతుంది. రైలు ఆలస్యమైతే అది వ్యాకరణ దోషం కాదు! ఇక్కడ మన పిల్లలకు ఒక మాట చెబుతుంటాను. మగ్రిబ్ వేళను సాధారణ వర్తమానంలో చెప్పవచ్చు, సూర్యాస్తమయం లెక్కకు అందుతుంది. ‘ఈద్ ఈజ్ ఆన్ ఫ్రైడే’ అని 28వ ఉపవాసం నాడే ప్రకటించడం మాత్రం మనకు తగదు. నెలవంక కనబడాలి కదా!

కొల్లేటి వైపు నుండి నల్లని మబ్బు కమ్ముకొస్తున్నప్పుడు, కళ్లంలో వడ్లు ఆరబోసిన రైతు “వాన పడబోతోంది” అంటాడు. ఆంగ్లేయుడు ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అంటాడు. కంటికి ఆనవాలు కనబడుతున్న భవిష్యత్తు ఇది. ‘పడబోతోంది’లోని ‘బో’ అనేది ‘పోవు’ అనే క్రియయే. ‘గోయింగ్’ అన్నా అదే. గల్ఫు దేశాల వాడుక అరబీలో సైతం ‘రాహ్’ అనే ‘పోవు’ క్రియతోనే రేపటిని సూచిస్తారు. మూడు భాషలవారూ రేపటి వైపు నడిచే వెళుతున్నారన్నమాట.

మన తెలుగు సంగతి విచిత్రమైనది. “అతడు ప్రతి జుమాకు ఏలూరు వెళతాడు”, “అతడు రేపు ఏలూరు వెళతాడు”. రెంటికీ ఒకే క్రియ. 1858 నాటి బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి భవిష్యత్తుకు ‘చేయగలడు’ అనే రూపాన్నీ, తద్ధర్మానికి ‘చేయును’ అనే రూపాన్నీ వేరుచేసి చూపారు. నేడు ‘చేయగలడు’ అంటే శక్తి ఉన్నదనే అర్థమే మిగిలింది. ‘జరుగును’ నికాహ్ శుభలేఖలలో కనబడుతోంది. వ్యతిరేకార్థంలో చిక్కు మరీ ఎక్కువ. “నేను అబద్ధం చెప్పను” అన్నవాడు తన అలవాటు చెబుతున్నాడా, ఇకమీదట చెప్పనని మాట ఇస్తున్నాడా? రెండూ ఒకే మాటలో ఇమిడిపోతాయి. అలవాటు లేనివాడు ఆ చాటున దాగుకోవడానికీ వీలుంది!

అరబీలోనూ ‘ముజారిఅ’ క్రియ వర్తమాన భవిష్యత్తులు రెంటికీ చెందుతుంది. దాని ముందు ‘స’ గాని ‘సౌఫ’ గాని చేరితే భవిష్యత్తు మాత్రమే అవుతుంది. ‘సౌఫ’ దూరపు రేపటికి, ‘స’ దగ్గరి రేపటికి అని బస్రా పండితులు అన్నారు. ‘స’ అనేది ‘సౌఫ’ నుండి తెగివచ్చిన ముక్కయే అని కూఫావారి వాదన. అత్తకాసుర్ సూరాలో హెచ్చరిక ‘సౌఫ’తో వచ్చింది, అన్ నబా సూరాలో ఇంచుమించు అదే హెచ్చరిక ‘స’తో వచ్చింది. కనుక ఈ దూరం కొలతను మరీ బిగించి పట్టుకోరాదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది భూతకాలంతో భవిష్యత్తును చెప్పడం. అన్ నహ్ల్ సూరా మొదటి ఆయతులో దైవాజ్ఞ ‘వచ్చేసింది’ అనే అర్థంలో ‘అతా’ అనే భూతకాల క్రియ ఉంది. ఆ వెంటనే, దానికోసం తొందరపడవద్దనే ఆదేశం ఉంది. వచ్చేసినదాని కోసం తొందరపడడమేమిటి? రానున్నదే, అయితే దాని రాక ఎంత నిశ్చయమంటే జరిగిపోయినట్లే చెప్పబడింది అని వ్యాఖ్యాతలు వివరించారు. మనం కూడా తల్లి పిలిస్తే గడప దాటకుండానే “ఇదిగో వచ్చేశా” అంటాం, ఉర్దూలో “అభీ ఆయా” అంటాం. అయితే మన ‘వచ్చేశా’కు అరగంట పడుతుంది. సృష్టికర్త మాట అటువంటిది కాదు.

షరతు వాక్యాలలో పిల్లలు ఎక్కువగా తప్పుతారు. ‘వెన్ యూ విల్ కమ్’ అని రాస్తారు. ఆంగ్లంలో ‘వెన్’ తర్వాత, ‘ఇఫ్’ తర్వాత సాధారణంగా వర్తమానమే రావాలి, ‘వెన్ యూ కమ్’. అరబీలో అదే చోట భూతకాలం వస్తుంది. అన్ నస్ర్ సూరా ఆరంభంలోని ‘జాఅ’ అందుకు నిదర్శనం. తెలుగులోనూ “రేపు మీరు వచ్చినట్లయితే” అంటాం. ‘వచ్చిన’ అనేది భూతకాలమే కదా! ఈ ఒక్క చోట మన భాష అరబీకి చెల్లెలిలా ప్రవర్తిస్తుంది.

ఇక పిల్లవాని రెండవ ప్రశ్న. మక్కా ఖురైషులు గుహవాసుల గురించి ప్రశ్నించినప్పుడు, దైవప్రవక్త (సఅసం) రేపు తెలుపుతానన్నారనీ, ఇన్‌షా అల్లాహ్ అనకపోవడంతో పదిహేను రోజులపాటు వహీ ఆగిపోయిందనీ ఇబ్నె ఇస్‌హాఖ్ ఉల్లేఖించారు. ఏ పనినైనా రేపు చేస్తానని అల్లాహ్ చిత్తంతో ముడిపెట్టకుండా అనవద్దని అల్ కహఫ్ సూరా 23, 24 ఆయతులు బోధిస్తున్నాయి. గమనించండి, అక్కడ మానవుని నోట వచ్చే మాట ‘స’తోనూ లేదు, ‘సౌఫ’తోనూ లేదు. ‘ఫాఇలున్’ అనే కర్తృవాచక రూపంలో ఉంది. పని అప్పుడే తన చేతిలో ఉన్నట్లు పలికే రూపమది. ఆంగ్లంలోని ‘ఐ యామ్ కమింగ్’కు అది దగ్గరి చుట్టమని నాకు తోస్తుంది.

అంటే ఇన్‌షా అల్లాహ్ అత్యంత అవసరమైనది గట్టిగా నిర్ణయించుకున్నవానికే. మనం దానిని తలక్రిందులు చేశాం. పెళ్లికి రాదలచుకోనివాడు, అప్పు తీర్చదలచుకోనివాడు, “కాదు” అనలేక ఇన్‌షా అల్లాహ్ అంటున్నాడు. వాగ్దానం చేసి తప్పడాన్ని కపటుల చిహ్నాలలో ఒకటిగా దైవప్రవక్త (సఅసం) పేర్కొన్నారు. ఆ తప్పును అల్లాహ్ పేరు చాటున దాచడం మరింత ఘోరం కాదా? ఇటువంటివారి పుణ్యమా అని ఆ తల్లి చెవిలో ఆ పవిత్ర పదం “రాను” అని వినబడింది. నేనూ ఒకప్పుడు చందా అడగవచ్చినవారితో అలా అన్నవాణ్ణే, దాచను.

“బేటా! మొదట ‘ఐ యామ్ కమింగ్’ అన్నప్పుడు మీ అబ్బా చేతిలో సెలవు ఉండి ఉంటుంది. ఇప్పుడు అది చేయి జారి ఉండవచ్చు. చేతిలో లేనిదానిని ఉన్నట్లు రాయలేదు. ‘విల్’ అంటే కోరిక ఉందని. ఇన్‌షా అల్లాహ్ అంటే తనవంతు చేస్తాననీ, తక్కినది తన వశంలో లేదనీ. ఊరికే అనుకోకుండా ఆయననే అడగండి” అన్నాను.

ఆ రాత్రి వారు మాట్లాడుకున్నారు. యజమాని సెలవును వాయిదా వేశాడట, బక్రీదుకు ప్రయత్నిస్తున్నారట. మరునాడు పిల్లవాడు జవాబు రాసి దిద్దమని తెచ్చాడు. ‘వెన్ యూ విల్ కమ్, ఐ విల్ ఫినిష్ ఫిఫ్టీన్ పారాస్’ అని ఉంది. ‘వెన్ యూ కమ్, ఐ విల్ హావ్ ఫినిష్డ్’ అని దిద్దించాను. ఆయన వచ్చేసరికే ముగించి ఉంటాడని అర్థం. అప్పటికి వాడు పన్నెండో పారాలో ఉన్నాడు. కాసేపు ఆ వాక్యం వైపు చూసి, వేళ్లమీద నెలలు లెక్కపెట్టుకుని, చివర ఇన్‌షా అల్లాహ్ చేర్చాడు. తర్వాత ఖుర్ఆన్ తెరచి, మగ్రిబ్ అజాన్ వరకు స్తంభం వద్ద కూర్చుని పాఠం వల్లించాడు.